జమీందారు చెట్టు పూసిన యేడు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల నాటి సంగతేం కాదు, అందరి చేతుల్లోకీ స్మార్ట్ ఫోన్లు వచ్చేశాక జరిగిన సంగతే, మా ఆగిరిపల్లి వైపు ఆడపిల్ల ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే "బీటెక్కండీ" అనో, "నర్సింగండీ" అనో ఒక్క ముక్కలో చెప్పి పనిలో పడిపోయేవాళ్ళు. మా అమ్మకి మాత్రం ఆ సుఖం లేకపోయింది. పక్కనే నూజివీడులో అంత పెద్ద కాలేజీ ఉండి, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి కంప్యూటర్లు నేర్చుకుంటుంటే, నేను హైదరాబాదు పోయి ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం అనే ఎమ్మేలో చేరాను. ‘పురావస్తు’ అనే మాట అమ్మకి నోరు తిరిగేది కాదు. "ఏదో పాత రాళ్ళ చదువండీ" అనేది, జబ్బు పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి. దాంతో ఊళ్ళో నా పేరు రాళ్ళమ్మాయిగా స్థిరపడిపోయింది. (నాకు కిడ్నీలో రాళ్ళున్నాయనుకుని, రోజూ ఉలవచారు తాగించమని అమ్మకి సలహా ఇచ్చి వెళ్ళిన మహాతల్లి కూడా ఉంది. అమ్మ నిజం చెప్పలేక తలూపింది. ఆ సెలవులన్నీ నేను ఉలవచారు తాగాను.)

నా చదువులోని మాటలు కూడా నాకు సాయం చెయ్యలేదు. స్తూపాల గురించి చదువుతున్నానంటే, మా వైపు స్తూపమంటే పార్టీ కోసం ప్రాణాలిచ్చినవాళ్ళకి కూడలిలో కట్టే ఎర్రరంగు దిమ్మె కాబట్టి, "అమ్మాయి పార్టీలో తిరుగుతోందా ఏంటండీ?" అని నాన్నని పక్కకి పిలిచి అడిగారు. విహారాల మీద పరీక్ష రాశానంటే, "విహారానికి పరీక్షెందుకమ్మా, బస్సు మాట్లాడుకుంటే పోలా?" అన్నారు. బుద్ధుడి అస్థికల మీద గుండ్రంగా బోర్లించిన గిన్నెలా కట్టిందాన్ని స్తూపమంటారనీ, భిక్షువులు కాపురముండే చోటు విహారమనీ చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. విన్నది మా మేనత్త ఒక్కర్తే. ఆవిడ నాన్నకి అక్క. పక్క వీధిలోనే అత్తవారిల్లు కావడంతో పొద్దస్తమానం మా ఇంట్లోనే ఉండేది. ఆవిడ వినేది కూడా పోట్లాడ్డానికే. గుంటుపల్లి గుహలో ఉన్న రాతి స్తూపాన్ని ఆవిడ శివలింగమని మొక్కి, కొబ్బరికాయ కొట్టి వచ్చిన మనిషి. అది బౌద్ధ స్తూపం అత్తయ్యా అని నేను అన్న రోజున మూడు పూటలూ నాతో మాట్లాడలేదు. నాలుగోపూట, "నేను కొట్టిన కొబ్బరికాయ కుళ్ళలేదు. పువ్వొచ్చింది. అంటే ఆయన తీసుకున్నట్టే. ఆయన ఎవరైతే నాకేంటే?" అంది.

నాన్నది వేరే తీరు. ఆయన నా చదువు గురించి వినేవాడు, కానీ రైతు చెవితో వినేవాడు. ఊరు దాటాక కాస్త మెరక మీద మాకు మామిడి తోట ఉంది. ఎక్కువ భాగం బంగినపల్లి, గట్టు వెంబడి చిన్నరసాలు. తోట మధ్యలో, దారికి అడ్డంగా, ఎవరూ అడగకుండా పెరిగిన ఒక మహావృక్షం ఉండేది. మిగతా చెట్లన్నీ దాని చంకలోకి వస్తాయి. ఆకు నిగనిగలాడుతూ ఉండేది. ట్రాక్టరు, కోత కూలీలు, వాళ్ళ భోజనాల క్యారియర్లు, ఊరకుక్కలు, అన్నీ దాని నీడనే. కాపు మాత్రం సున్నా. పెరగడమే గానీ పెట్టడం తెలియదని దానికి మా తాత ‘జమీందారు’ అని పేరు పెట్టాడట. నరికేద్దామని ప్రతి వేసవిలోనూ అనుకునేవారు, ఎండకి దాని కిందే కూర్చుని.

అప్పటికే చుట్టుపక్కల తోటల్లో పూత కోసం మందు పొయ్యడం మొదలైంది. చెట్టు మొదలు చుట్టూ గుండ్రంగా పాదు తీస్తారు. (పాదు తెలియనివాళ్ళ కోసం: పోసిన నీళ్ళు పక్కకి పోకుండా వేళ్ళకి దిగేలా తవ్వే లోతు తక్కువ గాడి.) వానాకాలంలో ఆ పాదులో మందు కలిపిన నీళ్ళు పోస్తే చలికాలానికి చెట్టు మారు మాట్లాడకుండా పూస్తుంది. మా నాన్నకి ఆ మందు పేరెత్తితే ఒళ్ళు మండేది. "ఇష్టం లేని చెట్టుకి మందు పోసి పూయించడమూ, వద్దన్నవాడికి సారా పట్టించి చిందేయించడమూ ఒకటే. అది పూస్తే పూస్తుంది, లేకపోతే మానేస్తుంది. చెట్టుకీ ఓ మర్యాదుందయ్యా" అని మందుల కొట్టు ముందే నిలబడి ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆయన బండి ఆ వీధిలోకి తిరిగితే కొట్టతను లోపలికి వెళ్ళి ఏదో సర్దుకుంటూ ఉండేవాడని చెప్పుకునేవారు.

ఎమ్మే మొదటి సంవత్సరంలో, వినాయక చవితి సెలవులకి ఇంటికొచ్చాను. ఫిబ్రవరిలో మా క్లాసు మొత్తాన్నీ సాంచీ తీసుకెళ్తున్నారు. మా చదువు చదివి సాంచీ చూడకపోవడమంటే మామిడికాయల వ్యాపారం చేస్తూ నూజివీడు చూడకపోవడం. పైగా నేను ప్రాజెక్టుకి తీసుకున్నది సాంచీ తోరణాల మీద చెక్కిన స్త్రీమూర్తుల్నే. వాళ్ళని ఫొటోల్లో చూసి చూసి నాకు కలల్లోకి కూడా వస్తున్నారు. వెళ్ళకపోతే ఆ విషయం వదిలేసి ఇంకోటి వెతుక్కోవాలి. అన్నిటికంటే, నాకు వెళ్ళాలని ఉంది. అంత గట్టిగా అంతకుముందు నేను దేన్నీ కోరుకోలేదు. కానీ ఆడపిల్లని అంతదూరం రైల్లో పంపడానికి నాన్న ఒప్పుకోవాలి. అందుకని పండగ మర్నాడు, మిగిలిన ఉండ్రాళ్ళు తిని ఆయన అరుగు మీద చేరబడిన సమయం చూసి, ఫోన్లో ఫొటోలు తెరిచి పక్కన కూర్చున్నాను.

మొదట గుంటుపల్లి గుహ చూపించాను, తెలిసిన ఊరు కదా అని. నాన్న కళ్ళు చికిలించి చూశాడు. "ఇదేంటే, కొండలో తొలిచి లోపల వాసాలూ దూలాలూ చెక్కారు? రాతి కప్పుకి వాసాలెందుకు, కూలిపోతుందా?"

"అంతకుముందు అన్నీ చెక్కతో కట్టేవాళ్ళు నాన్నా. రాతిలోకి మారాక కూడా చెయ్యి పాత అలవాటు మానలేదు. సాంచీ తోరణాలూ అంతే, రాతినే చెక్కలా అతికించి కట్టారు."

"అయితే వడ్రంగి పనే" అని తేల్చేశాడు. తర్వాత, చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని మీద గొడుగు, ముందు దణ్ణాలు పెడుతున్న జనం ఉన్న శిల్పం చూపించి, ఇక్కడ బుద్ధుడున్నాడు అన్నాను.

"ఎక్కడ?"

"ఆ ఆసనం మీదే. మొదట్లో బుద్ధుడి బొమ్మ చెక్కేవాళ్ళు కాదు. చెట్టో, గొడుగో, పాదాల గుర్తులో చెక్కి వదిలేసేవాళ్ళు. ఆయనున్నాడని మనమే తెలుసుకోవాలి."

"మనిషి లేని చోట గొడుగు పట్టారా!" నాన్న చాలాసేపు ఆశ్చర్యపోయాడు. "ఎండకి పీట నల్లబడుతుందనేమో."

ఇక లాభం లేదని అసలు ఫొటో తీశాను. సాంచీ తూర్పు తోరణం పక్కన, చెట్టు కొమ్మ పట్టుకుని ఒంపుగా ఒరిగి నిలబడ్డ యక్షి. ఫొటో పెద్దది చేసీ చెయ్యకముందే నాన్న లేచి కూర్చున్నాడు. "ఒసేయ్, ఇది మామిడే! ఆకు చూడు, కాయ చూడు. ఎవడోగానీ తోట చూసినవాడే చెక్కాడు. కాకపోతే కాయలున్న కొమ్మ పట్టుకుని అలా ఊగితే విరగదంటే?"

అదే అదనని ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. పూయని చెట్టుకి పడుచుపిల్ల కాలు తగిలితే పూస్తుందని పూర్వం నమ్మేవారనీ, దాన్ని దోహదమంటారనీ, పంటకీ పిల్లాపాపలకీ మంచిదని ఆ బొమ్మని బుద్ధుడి స్తూపం ముంగిట నిలబెట్టారనీ, తర్వాత కట్టిన హిందూ గుళ్ళ వాకిళ్ళలో కూడా ఆ చెట్టు పట్టుకున్న అమ్మాయే కనిపిస్తుందనీ, దేవుడు మారినా వాకిట్లో ఆవిడ మారలేదనీ. చెప్పి, ఊపిరి తీసుకుని, "ఆవిణ్ణి దగ్గరగా చూడ్డానికే నాన్నా, ఫిబ్రవరిలో..." అన్నాను.

ఎంత దూరమని అడిగాడు. భోపాల్ దగ్గరని చెప్పాను. నాన్న ఫోను నా చేతికిచ్చి, తువ్వాలు దులుపుకుని, "జమీందారు పూసిన రోజు వెళ్దువుగానిలే" అని తోటకి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఈ మాటకి ‘వద్దు’ అని అర్థం. అమ్మ వాషింగ్ మెషిన్ అడిగినప్పుడూ ఇదే మాట, తమ్ముడు బైకు అడిగినప్పుడూ ఇదే మాట. నేను స్తంభం పట్టుకుని ఏడ్చాను. (తర్వాత ఆలోచిస్తే, ఒరిగి నిలబడి స్తంభం పట్టుకోవడం అచ్చం ఆ బొమ్మ భంగిమే. ఆ సమయంలో తోచలేదు.)

గుమ్మంలో బియ్యం ఏరుతున్న అత్తయ్య అంతా వింది. చేట పక్కన పెట్టి, "ఏడుస్తావేంటే పిచ్చి మొహమా? పూసిన రోజు పంపిస్తానన్నాడుగా. పూయిద్దాం" అంది.

మా వైపు ఒక ఆచారం ఉంది. కాయని చెట్టు దగ్గరికి ఇద్దరు వెళ్తారు. ఒకరు గొడ్డలి ఎత్తి "ఈ యేడు కాయకపోతే నరికేస్తా" అని బెదిరిస్తారు. రెండోవాళ్ళు అడ్డం పడి "వద్దు, వద్దు, ఈసారి కాస్తుంది, దాని తరఫున నేను మాటిస్తున్నా" అని బతిమాలతారు. చెట్టు విని, భయపడో సిగ్గుపడో, పూస్తుంది. జమీందారుకి ఇది ఇదివరకే ఒకటి రెండుసార్లు జరిగింది. జమీందార్లకి బెదిరింపులు కొత్తా? ఈసారి దానికి నా దోహదం కూడా జోడిద్దామంది అత్తయ్య. అక్కడొచ్చింది చిక్కు. చెట్టుని కాలితో తన్నడం పాపం. మా ఇళ్ళల్లో పుస్తకానికో చేటకో పొరపాటున కాలు తగిలినా వెంటనే ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. అలాంటిది, తాత పేరు పెట్టిన చెట్టుని కావాలని తన్నడమా?

"తన్ని, వెంటనే దణ్ణం పెట్టుకో" అంది అత్తయ్య.

"దణ్ణం పెడితే తన్నింది రద్దయిపోదా అత్తయ్యా?"

ఆవిడ నిజంగానే ఆలోచనలో పడింది. ఎమ్మే చదువుతున్న నేనూ ఆవిడతో పాటు ఆలోచనలో పడ్డాను. ఇద్దరం కాఫీ తాగుతూ తర్కించి, దణ్ణం మాఫీ చేసేది పాపాన్నే గానీ ఫలితాన్ని కాదని తీర్మానించుకున్నాం. ధర్మశాస్త్రాల్లో ఇంతకంటే బలహీనమైన తీర్మానాలు ఉండే ఉంటాయి.

మర్నాడు పొద్దున నాన్న పని మీద నూజివీడు వెళ్ళగానే అత్తయ్య నన్ను తయారుచేసింది. ఎప్పటిదో లంగా ఓణీ, కాళ్ళకి పారాణి, తన పెళ్ళినాటి మువ్వల పట్టీలు. అన్నీ అయ్యాక ఫోన్లో బొమ్మని మరోసారి తెప్పించి చూసి, "ఆవిడ ఒంటి మీద నగలే తప్ప ఇంకేం ఉన్నట్టు లేదేంటే?" అని అనుమానం వెలిబుచ్చింది. దాని జోలికి మనం వద్దు అత్తయ్యా అని ఫోను లాక్కున్నాను. అమ్మ వంటింట్లోంచి ఒకసారి తొంగి చూసి, "ఏ పేరంటానికే?" అని అడిగి, జవాబు వినే ధైర్యం లేక లోపలికెళ్ళిపోయింది.

చెట్టు దగ్గరికి వెళ్ళాక అసలు ఇబ్బందులు తెలిశాయి. సాంచీలో కొమ్మ ఆవిడ చేతికందే ఎత్తులో ఉంది. జమీందారు కొమ్మ జమీందారీ ఎత్తులో ఉంది. మామిడికాయలు సర్దే ప్లాస్టిక్ ట్రే తెచ్చి బోర్లించి దాని మీదకెక్కాను. కుడిచేత్తో కొమ్మ అందుకుని, ఎడమచేత్తో ఇంకో కొమ్మని చుట్టి, నడుం ఒంచి, ఎడమకాలు వెనక్కి మడిచాను. శిల్పంలో ఎంతో సుకుమారంగా కనిపించే ఆ భంగిమలో మనిషి అరనిమిషం కూడా నిలబడలేడు. నా పరిశోధనలో నేను కనిపెట్టిన మొదటి సత్యం అదే. ఆవిడ రాతిది కాబట్టి నిలబడింది. ఈలోగా అత్తయ్య కొంగు బిగించి గొడ్డలి ఎత్తింది.

"ఏమే జమీందారూ! తిని పెరిగావు గానీ ఒక్క కాయ ఇచ్చావంటే? ఈ యేడు పూస్తావా, నరికి పొయ్యిలో పెట్టమంటావా?"

నేను బతిమాలాలి. "వద్దత్తయ్యా, వద్దు! ఈసారి పూస్తుంది! నేను మాటిస్తున్నా!"

"ఇంకా గట్టిగా అనవే, దానికి వినపడొద్దూ?"

"వద్దత్తయ్యా, వద్దు!" అని అరుస్తూ, అదే ఊపులో, నేనే మాటిచ్చిన ఆ చెట్టుని ఎడమకాలితో ఒక్క తన్ను తన్నాను. బతిమాలేదీ నేనే, తన్నేదీ నేనే కావడం చెట్టుకి ఎలా అర్థమైందో తెలియదు గానీ, పైన ఆకులు కలిపి గూడు కట్టుకున్న ఎర్రచీమలకి మాత్రం బాగానే అర్థమైంది. గూడు గూడంతా నా మీద రాలింది. ట్రే జారింది. నేను కొమ్మ వదలకుండా వేలాడుతూ, మువ్వలు ఘల్లుఘల్లుమంటుండగా, "అమ్మో, బాబో" అని గాల్లో చిందులేస్తున్నాను. సరిగ్గా ఆ ఘడియలోనే నాన్న బండి దిగాడు, వెనక నూజివీడు షావుకారుగారితో సహా. రాబోయే సీజనుకి తోట మాట్లాడుకోవడానికి చెట్లు చూపిద్దామని ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

షావుకారుగారికి కనిపించింది ఏంటంటే, గొడ్డలి ఎత్తిన ఒక పెద్దావిడ, చెట్టుని కావలించుకుని ‘వద్దు వద్దు’ అని ఏడుస్తున్న ఒక పిల్ల. ఆయన జాలిగుండె మనిషి. రెండు చేతులూ ఎత్తి పరుగెత్తుకొచ్చాడు. "ఆగండమ్మా, ఆగండి! చెట్టు కొట్టకండి! పాపం అమ్మాయి ప్రాణం పెట్టుకున్నట్టుంది దాని మీద!" అని, నాన్న వైపు తిరిగి, "ఏంటండీ ఇది, పిల్ల అంతిదిగా ఏడుస్తుంటే? మీకు ట్రాక్టరు దారి కావాలంటే పక్కనుంచి తీసుకోవచ్చుగా?" అని కోప్పడ్డాడు.

"ఏంటక్కయ్యా ఇది?" అన్నాడు నాన్న.

"పూయిస్తున్నాం రా" అంది అత్తయ్య, గొడ్డలి దించకుండానే.

అప్పటికి నేను కింద పడ్డాను. చీమలు ఒకెత్తయితే, కాలి బొటనవేలు ఒకెత్తు. గోరు లేచిపోయింది. చెట్టు మొదట్లో కూలబడి, వేలు పట్టుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ ఏడుస్తున్నాను. (ఈ ఊదుకోవడం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.) తిడతాడనుకున్న నాన్న తిట్టలేదు. నా పారాణి కాళ్ళ వైపు, చెట్టు వైపు, మళ్ళీ కాళ్ళ వైపు చూశాడు. సాయంత్రం వేలికి పసుపు కట్టు కడుతూ, "అంతిదిగా వెళ్ళాలనుందంటే నీకు?" అని మాత్రం అడిగాడు. ఉంది నాన్నా అన్నాను.

సెలవులైపోయి బస్సెక్కించడానికి నాన్న బండి మీద తీసుకెళ్తూ తోట దగ్గర ఒక నిమిషం ఆపాడు. జమీందారు చుట్టూ కొత్తగా పాదు తీసి ఉంది. దాని జన్మలో దానికి పాదు తీసినవాళ్ళు లేరు. ఎందుకు నాన్నా అంటే, "చెమ్మ నిలవాలని" అన్నాడు. నా తన్నుకి దక్కిన గౌరవం కాబోలనుకుని నేను లోలోపల పొంగిపోయాను.

అంతటితో ఊరుకున్నానా? క్లాసులో సెమినార్ ఇచ్చే వంతు వచ్చినప్పుడు, ‘దోహదం, ఒక క్షేత్ర పరిశీలన’ అని పేరు పెట్టి, కట్టు కట్టిన వేలితో సహా అంతా వివరించాను. మా మేడమ్ ఓపిగ్గా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంతా బాగుందమ్మా. కాకపోతే పాత కవుల లెక్కలో పాదం తగలాల్సింది అశోకచెట్టుకి. మామిడికి అంత అక్కర్లేదు. ఆడపిల్ల నోటి గాలి సోకితే చాలు, పూస్తుందంటారు" అన్నారు. క్లాసంతా విరగబడి నవ్వింది. నేను మాత్రం ఓడిపోలేదు. "ఊదాను కదా మేడమ్, వేలు పట్టుకుని, చెట్టు మొదట్లో కూర్చుని!" అన్నాను. ఆవిడ కూడా నవ్వారు. హాస్టల్లో ఆ రాత్రి నుంచీ నా పేరు ‘ఉఫ్’.

చలికాలం ముదిరింది. సాంచీ వెళ్ళేవాళ్ళంతా సూట్‌కేసుల గురించీ స్వెట్టర్ల గురించీ మాట్లాడుకుంటుంటే నేను లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. పైకి ఎంత వేళాకోళం చేసుకున్నా లోపల దిగులుగానే ఉండేది. పేర్లు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడ్డాక, ఒకరోజు పొద్దున్నే అత్తయ్య ఫోను చేసింది. హలో అనే లోపే అరుపు. "పూసిందే! జమీందారు పూసిందే! ఆకు కనపడకుండా పూసిందే! నా తల్లే, నీ కాలు బంగారం గానూ!" వెనక నుంచి ఎవరెవరివో గొంతులు. జనం చూడ్డానికి వచ్చారట. తర్వాత నాన్న అందుకున్నాడు. "పూసింది. వెళ్ళిరా. అక్కడ చలెక్కువట, శాలువా తీసుకెళ్ళు" అన్నాడు. నేను హాస్టల్ వరండాలో నిలబడి ఎడమకాలి వేలు చూసుకున్నాను. గోరు సగం కొత్తది వచ్చింది.

సాంచీ చూశాను. ఆవిణ్ణీ చూశాను. తోరణం పక్కన ఎత్తున, సాయంత్రం ఎండ ఒంటి మీద పడుతుండగా, నవ్వుతున్నట్టూ నవ్వనట్టూ ఉంది. ఎన్ని వందల ఏళ్ళుగా అలా ఒంటికాలి మీద నిలబడిందో, చీమలు కుట్టలేదు, వేలు చితకలేదు. తోటివాళ్ళు కొలతలు రాసుకుంటుంటే నేను ఊరికే చూస్తూ నిలబడ్డాను. చాలా ఆనందంగా అనిపించింది. ఆ తర్వాత చదువు ఆగలేదు. పీహెచ్‌డీ అయింది. ఇప్పుడు ఒక మ్యూజియంలో ఉద్యోగం, వచ్చినవాళ్ళకి శిల్పాలు చూపించి చెప్పడం నా పని.

ఊళ్ళో నా కాలి ఖ్యాతి మాత్రం చాలాకాలం నడిచింది. షావుకారుగారు "పాదం మంచిదండీ మీ అమ్మాయిది" అని నూజివీడంతా చెప్పాడు. పక్క తోటలాయన, తన రసాలు రెండేళ్ళుగా మొరాయిస్తున్నాయని, "అమ్మాయిని ఒకసారి మా వైపు పంపించండి, ఊరికే అలా నాలుగు చెట్లని తన్నిపోతే చాలు" అని కబురు పెట్టాడు. మరుసటి యేడు జమీందారు మళ్ళీ మామూలే, ఒక్క పువ్వు లేదు. "నువ్వు వచ్చి తన్నలేదుగా" అన్నాడు నాన్న, నా మొహం వైపు చూడకుండా. నేను అదీ నమ్మాను. మ్యూజియంలో యక్షి ముందు నిలబడి ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చివర్లో కాస్త తల ఎగరేసి, "మరి ఎలా పూసిందంటారు?" అని అడిగేదాన్ని. వాళ్ళు నవ్వి, ఎందుకైనా మంచిదని నా కాళ్ళ వైపోసారి చూసేవాళ్ళు.

మొన్న చలికాలంలో నాన్నని సాంచీ తీసుకెళ్ళాను. తూర్పు తోరణం దగ్గర చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"కాయలు గుత్తులు గుత్తులుగా భలే చెక్కాడే" అన్నాడు. మళ్ళీ చూశాడు. "అన్నీ చెక్కాడు గానీ, మొదట్లో పాదు చెక్కలేదు."

"పాదం ఉందిగా నాన్నా."

"పాదం ఒక్కదానికే పూస్తుందంటే పిచ్చిదానా? పాదు తియ్యాలి. జానెడు లోతున, చుట్టూతా. మందు నీళ్ళలో సమంగా కలిపి, వేరు కాలకుండా నిదానంగా..." అంటూ చేత్తో గాల్లో గుండ్రంగా గీస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

నాన్న పక్కనున్న బోర్డు దగ్గరికి వెళ్ళి దాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. ఆ బోర్డు హిందీలో ఉంది. ఆయనకి హిందీ ఒక్క ముక్క రాదు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏ కొట్టు ముందు నిలబడి అన్ని ఉపన్యాసాలిచ్చాడో ఆ కొట్టుకే వెళ్ళి, ఆ మందే అడిగి ఉంటాడు కదా. కొట్టతను ఏమనుకుని ఉంటాడో, ఈయన ఏమని చెప్పి ఉంటాడో. ‘వద్దు’ అన్న మాట వెనక్కి తీసుకోవడం చేతగాక, చెట్టు చేత సరే అనిపించాడు. నేనేమో ఇన్నాళ్ళూ శిల్పాల ముందు నిలబడి, మనిషి కనపడకపోయినా ఉన్నాడని మనమే తెలుసుకోవాలండీ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ, నా కాలు చూసుకుని మురిసిపోయాను. పట్టీలు కట్టుకుని ట్రే ఎక్కిన ఆ రాళ్ళమ్మాయిని తల్చుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. తెలివే కాస్త తక్కువ.

ఎండ నడినెత్తికి వచ్చింది. సంచీలోంచి గొడుగు తీసి, వెళ్ళి ఆయన నెత్తి మీద పట్టాను. నాన్న బోర్డు మీంచి కళ్ళు తిప్పకుండానే, "నాకెందుకే గొడుగు, నేనేమన్నా బుద్ధుణ్ణా?" అన్నాడు. అంటూనే కాస్త జరిగి, దాని కిందకి వచ్చాడు.